ఆడవారిని స్టేషన్‌కు పంపే పెద్దలు

ఊళ్లో దొంగతనం జరిగితే విచారణ పేరిట ఆడవారిని స్టేషన్‌కు పిలవడం, పెద్దలు “వెళ్లి రామ్మా, ఏం కాదు” అని పంపడం నేటికీ ఉంది. సాక్షిగా అడగవలసిన స్త్రీని ఆమె ఇంటివద్దే అడగాలని చట్టం. పొద్దుగూకాక అరెస్టు సైతం కూడదు; తప్పనిసరైతే మహిళా అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి పొందాలి.

1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్‌లో ఒక పేద స్త్రీపై అత్యాచారం జరిగిందని, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారని నగరం భగ్గుమన్నది. విచారణ సంఘం పోలీసులను తప్పుపట్టింది. రాయచూరు కోర్టు మాత్రం 1981లో వారిని విడిచిపెట్టింది! 1983 సవరణతోనే కస్టడీలో అత్యాచారానికి కనీసం 10 ఏళ్ల శిక్ష వచ్చింది. సంభోగం రుజువయ్యాక తాను ఒప్పుకోలేదని బాధితురాలు చెబితే కోర్టు అలాగే భావించాలి. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఇది ఉంది.

శిక్ష సంగతి తర్వాత. “ఇంటికే వచ్చి అడగండి” అని ఎస్సైగారితో చెప్పగల సర్పంచులు ఎందరు?