ఎవరు చూశారు?

పొలం గట్టు మీద జారిపడి కాలు విరిగింది. నలభై రోజులు సిమెంటు కట్టు. మంచం మీది మనిషికి పొద్దు గడవడం ఎంత కష్టమో పడ్డవారికే తెలుసు. పరామర్శకు వచ్చినవారు భాగవతం చదువుకోమన్నారు. నేను డిటెక్టివు నవలలు తెప్పించుకున్నాను. మనవరాలి ఫోనులో కొరియా సీరియళ్లు చూశాను. ఈ వయసులో ఇదేం చోద్యమని నవ్వినవారున్నారు. వారికి జవాబుగానే ఈ నాలుగు మాటలు.

మా కుర్రతనంలో కొమ్మూరి సాంబశివరావు నవలలంటే పడిచచ్చేవాళ్లం. డిటెక్టివు యుగంధర్, అసిస్టెంటు రాజు మాకు చుట్టాల కింద లెక్క. పట్నం వెళ్లినవాడు అద్దె పుస్తకాల కొట్టు నుంచి ఒకటి తెస్తే ఊరంతా చేతులు మారేది. చివరికి దొంగ దొరికితే చాలు, అప్పట్లో మాకదే ఆనందం. ఇప్పుడు మళ్లీ ఇలాంటి పుస్తకాలు చదువుతుంటే మరో సంగతి కంటపడింది. అందరూ మొదట ఎవరి మీద వేలు చూపిస్తారో, చాలా కథల్లో అతను దోషి కాడు. ఊరికి కొత్తవాడు, నలుగురికి గిట్టనివాడు, నోరు లేనివాడు, అనుమానం ముందు వాలేది వీరి మీదనే.

కొరియావాళ్ల 'సిగ్నల్' 2016లో వచ్చిన 16 భాగాల సీరియలు. అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి మనవరాలు నాకు తెలుగులో చెప్పింది. ఒక పాత పోలీసు వాకీటాకీ రాత్రి 11 గంటల 23 నిమిషాలకు పలుకుతుంది. అవతల మాట్లాడేది ఎన్నో ఏళ్ల వెనకటి కాలంలో ఉన్న పోలీసు. ఇద్దరూ కలిసి, తేలకుండా మూలపడ్డ కేసులు తవ్వుతారు. ఇది కల్పనే. అయితే అందులో ఒక కేసుకు మూలం నిజంగా జరిగినది.

కొరియా రాజధాని సోలుకు దక్షిణాన హ్వాసాంగ్ అనే ప్రాంతం ఉంది. అప్పట్లో అవి వరిపొలాలు, పల్లెలు. 1986 నుంచి 1991 వరకు అక్కడ పదిమంది ఆడవాళ్లు హత్యకు గురయ్యారు. 1988లో చనిపోయిన పిల్లకు 13 ఏళ్లు. ఆ హత్య చేశాడని మరుసటి ఏడు ఒక కుర్రవాణ్ణి పట్టుకున్నారు. పోలియో వల్ల కాలు సరిగా లేనివాడు. నిద్ర పోనివ్వకుండా ప్రశ్నించి ఒప్పించారు. దొరికిన వెంట్రుక అతనిదేనని పరీక్ష కూడా చెప్పింది. యావజ్జీవ శిక్ష పడింది. 20 ఏళ్లు జైల్లో గడిపి 2009లో బయటికొచ్చాడు.

2019లో డి.ఎన్.ఎ. పరీక్షలు చేస్తే హ్వాసాంగ్ హంతకుడెవరో బయటపడింది. మరదలిని చంపిన కేసులో 1994లో పట్టుబడి, అప్పటినుంచీ జైల్లోనే ఉన్నాడు. ఆ పిల్లను చంపింది కూడా తానేనని చెప్పాడు. 2020 డిసెంబరులో కోర్టు ఆ పాత ముద్దాయిని నిర్దోషి అంది. వెంట్రుక పరీక్ష కూడా తప్పని తేలింది. పోయిన 20 ఏళ్లను ఏ కోర్టు తెచ్చి ఇస్తుంది?

ఇంగ్లండులోనూ ఇలాంటిదే జరిగింది. 1903లో గ్రేట్ వైర్లీ అనే పల్లెలో రాత్రివేళ ఎవరో గుర్రాలను, పశువులను కోసేవారు. జార్జి ఎడల్జీ అనే యువ న్యాయవాది మీద నేరం మోపారు. అతని తండ్రి బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ, ఆ ఊరి చర్చి గురువు. రంగు వేరు, పేరు వేరు. ఏడేళ్ల శిక్ష వేశారు. మూడేళ్లకు విడిచిపెట్టారుగాని నేరస్థుడన్న మచ్చ పోలేదు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అతణ్ణి కలవడానికి వెళ్లాడు. అతను పేపరును కళ్లకు బాగా దగ్గరగా పెట్టుకుని చదవడం గమనించాడు. ఇంత చూపు తక్కువవాడు చీకట్లో పొలాలకు అడ్డంపడి వెళ్లి పశువును ఎలా కోస్తాడని పత్రికలో నిలదీశాడు. 1907లో ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది.

ఇదంతా పరాయి దేశాల సంగతి అనుకోకండి. నేను మంచంలో ఉండగానే మా ఊళ్లో ఒక్క రాత్రిలో మూడు మోటార్ల రాగివైరు పోయింది. కాలవగట్టున గుడిసె వేసుకుని బాతులు మేపుకునే పొరుగు జిల్లావాడి మీద అనుమానం పడింది. పొద్దున్నే పదిమంది కుర్రాళ్లు అతణ్ణి రెక్క పట్టి మా ఇంటి ముందు నుంచే లాక్కుపోతున్నారు. అరుగు మీదున్న నేను ఆపి, "ఎవరు చూశార్రా?" అన్నాను.

"రాత్రి టార్చిలైటు వేసుకుని తిరిగాడు తాతా! చూసినవాళ్లున్నారు."

చూసినవాణ్ణి పిలిపిస్తే, తాను చూడలేదు, బావమరిది చెప్పాడన్నాడు. బావమరిది టీకొట్టులో విన్నాడట. టీకొట్టులో ఎవరన్నారో ఎవరికీ గుర్తు లేదు. కుక్కలు, నక్కలు బాతుల్ని ఎత్తుకుపోకుండా కాపలా కాసేవాడు రాత్రి లైటు వేయక ఏం చేస్తాడు? గుడిసె వెతికితే రాగిముక్క కనబడలేదు. సర్పంచిగారు వచ్చి పోలీసులకు ఫిర్యాదు రాయించారు. దొంగ ఇప్పటికీ దొరకలేదు. మోటార్లు పోయినవారి కోపం న్యాయమైనదే. ఎండుతున్న చేను చూస్తూ ఓపిక పట్టడం రైతుకు సాధ్యం కాదు. అయినా ఆ బాతులవాడి ఎముకలు విరిస్తే వైరు తిరిగొస్తుందా?

నేనేదో పెద్దమనిషినని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఇరవై ఏళ్ల కిందట కళ్లంలో ధాన్యం బస్తా తగ్గిందని పాలేరు మీద చెయ్యి చేసుకున్నాను. వారం తరువాత లెక్కలో తప్పు నాదేనని తేలింది. అతను మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ కొరియా సీరియలు చూస్తున్నంతసేపూ నాకు అతని ముఖమే కనిపించింది.

పోలీసు అధికారి ఎదుట నేరం ఒప్పుకున్నంత మాత్రాన అది ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టం అదే చెప్పింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ అదే చెబుతోంది. ఠాణాలో ఒప్పుకున్నదానికే విలువ లేనప్పుడు, రచ్చబండ దగ్గర తన్ని ఒప్పించినదానికి విలువేమిటి? 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ కబుర్లు నమ్మి తెలంగాణలోనూ, ఆంధ్రలోనూ కొత్త ముఖాలను పట్టి కొట్టారు. ప్రాణాలు పోయాయి. కబురు పంపినవారిలో ఒక్కడైనా కళ్లారా చూశాడా?

అందుకే కుర్రాళ్లు డిటెక్టివు పుస్తకం పట్టుకున్నా, ఫోనులో పరదేశపు సీరియలు చూస్తున్నా తిట్టకండి. వీలైతే పక్కన కూర్చోండి. కథ సగంలో ఉండగా, "దొంగ వీడేనని నీకెలా తెలుసురా?" అని అడగండి. ఆ ప్రశ్న ఇంట్లో అలవాటైతే, రేపు రచ్చబండ దగ్గర చెయ్యెత్తే ముందు వాడికి గుర్తొస్తుంది.