పిల్లాడు పరికిణీ అడిగితే

మగపిల్లాడికి పుట్టు వెంట్రుకలు తీయించే ముందు మన ఇళ్లలో చాలామంది ఒక ముచ్చట తీర్చుకుంటారు. ఉన్న కాస్త జుట్టుకే సవరం కలిపి జడ వేస్తారు. పూలు కుడతారు. కళ్లకు కాటుక, బుగ్గన చుక్క, చేతులకు గాజులు, ఒంటికి పట్టు పరికిణీ. అద్దం ముందు నిలబెట్టి, ముఖమూ జడా రెండూ పడేలా ఫొటో తీయిస్తారు. తిరుపతిలో గుండు చేయించుకొచ్చాక ఆ ఫొటో హాల్లో గోడకెక్కుతుంది. వచ్చినవాళ్లందరికీ చూపించి నాయనమ్మ మురిసిపోతుంది.

అదే పిల్లాడు ఆరేళ్ల వయసులో కూచిపూడి క్లాసులో చేరి, ‘నాక్కూడా పరికిణీ కావాలి’ అన్నాడనుకోండి. ఇంట్లో గొంతులు మారిపోతాయి. ‘మగపిల్లలు వేసుకోరు నాన్నా’ అని తల్లి సర్దిచెబుతుంది. డాన్సులో చేర్పించిందే తప్పని తండ్రి విసుక్కుంటాడు. ఆ మాట రెండోసారి వినపడగానే క్లాసు మాన్పించి కరాటేలో వేసిన ఇళ్లు నాకు తెలుసు.

ఆ పిల్లాణ్ని పరికిణీ వేసుకోనివ్వాలి. అడిగిన రోజే, వాయిదాలు వేయకుండా.

ముందు వాడు ఏం అడుగుతున్నాడో చూడాలి. క్లాసులో మగపిల్లలకు పైజామా, కుర్తా, మహా అయితే పంచె. పక్కన అమ్మాయిలకు కుచ్చిళ్లున్న పరికిణీలు, సాధన చీరలు. భ్రమరి తిరిగితే పరికిణీ గొడుగులా విచ్చుకుంటుంది, ఆగగానే కాళ్లకు చుట్టుకుని ఒక క్షణం ఆలస్యంగా నిలుస్తుంది. మోకాళ్లు వంచి అరమండిలో నిలబడితే కుచ్చిళ్లు విచ్చుకుంటాయి. వాడి కళ్లు ఆ కదలిక మీద పడ్డాయి. బట్ట కూడా నాట్యంలో భాగమని ఆరేళ్లకే కనిపెట్టిన పిల్లాడు వాడు. మంచి గురువైతే అందుకు సంతోషించాలి.

‘మన సంస్కృతిలో ఇలాంటివి లేవు’ అనే మాట మరీ విడ్డూరం. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఆడింది మగవాళ్లే. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని, కూచిపూడి సంప్రదాయానికి ఆద్యుడిగా చెప్పే సిద్ధేంద్ర యోగి నియమం పెట్టాడని అక్కడ పరంపరగా చెప్పుకుంటారు. వేషం కట్టాలంటే ముందు నేర్చుకోవాలి కదా. ఆ నడక, ఓరచూపు, అలిగి మెడ తిప్పడం చిన్నప్పుడే మొదలవుతాయి. కూచిపూడి వారి భామాకలాపం నాటకంలో సత్యభామ కనిపించకముందే ఆమె జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది. తనను గెలవగలిగినవాళ్లు రండని అది సవాలు. ఆ జడ వెనక ఉన్నది మగవాడని చూసేవాళ్లందరికీ తెలుసు. నవ్వేవాళ్లు లేరు. 1935లో కూచిపూడిలో పుట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. నాటకరంగంలో స్త్రీ పాత్రలతోనే వెలిగిన స్థానం నరసింహారావుకు 1956లోనే ఆ గౌరవం దక్కింది. అక్కినేని నాగేశ్వరరావు సినిమాల్లోకి రాకముందు, చిన్నతనంలో నాటకాల్లో కట్టినవి ఎక్కువగా ఆడవేషాలే. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్టీ రామారావు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పితే మన ఇళ్లలో అందరూ కూర్చుని చూశారు, ఇప్పటికీ చూస్తున్నారు. అది కూడా డాన్సు క్లాసే.

అయితే వాదన ఇక్కడితో ఆపేస్తే నిజాయితీ కాదు. కూచిపూడి స్త్రీవేషం వెనక ఉన్నది పిల్లల స్వేచ్ఛ అని నేను అనను. అది కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ల హక్కుగా సాగిన కళ. ఆడవాళ్లకు ఆ రంగస్థలం మీద చోటు లేదు. అదే భామాకలాపాన్ని తమ పద్ధతిలో ఆడిన గోదావరి ప్రాంతపు కళావంతుల (దేవదాసీ సంప్రదాయపు నర్తకీమణుల) ఆట నుంచి మొదట సంఘం ముఖం తిప్పుకుంది, తర్వాత మద్రాసు రాష్ట్రంలో 1947 నాటి దేవదాసీ చట్టం దానికి అడ్డుపడింది. వెంపటి చినసత్యం వంటి గురువులు మద్రాసులో అమ్మాయిలకు విరివిగా నేర్పాకే కూచిపూడి ఈ రోజు మనం చూస్తున్న రూపానికి వచ్చింది. ఇప్పుడు ఏ క్లాసు చూసినా నిండా అమ్మాయిలే, మగపిల్లలు ఒకరో ఇద్దరో.

ఇంకో సంగతి మరీ చేదుగా ఉంటుంది. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. దాని కింద హిజ్రాల పేర్లు సర్కారు పట్టీలో ఎక్కించేవారు. పేరెక్కిన మనిషి ఆడబట్టలతో వీధిలో కనిపించినా, వీధిలో ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల వరకు జైలు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో మిగిలిపోయింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసేదాకా ఉంది. ఆ చట్టం పుట్టిన తరంలోనే పక్క ఆంధ్ర ప్రాంతంలో స్థానం వారు చీర కట్టి రంగస్థలం ఎక్కితే జనం బండ్లు కట్టుకుని వెళ్లి చూశారు. ఒకే బట్ట ఒకరికి చప్పట్లు తెచ్చింది, ఇంకొకరికి సంకెళ్లు వేయించింది. కట్టిందెవరు, వాళ్ల కులమేమిటి, ఎవరి అనుమతితో కట్టారు అన్నదాన్ని బట్టే మనవాళ్లు తీర్పు చెప్పారు.

అందుకే ‘ఈ పిల్లాడు రేపు గొప్ప సత్యభామ అవుతాడేమో, వేసుకోనివ్వండి’ అనే మాట నాకు చాలదు. వాడు ఏమీ కానక్కర్లేదు. తిరిగితే బాగుంటుందని అడిగాడు, ఆ కారణం సరిపోతుంది.

తల్లిదండ్రుల మనసులో అసలు భయం వేరే ఉంది. పైకి అనరు గానీ, ‘పెద్దయ్యాక అలా అయిపోతాడేమో’ అన్నది ఆ భయం. బట్ట ఎవరినీ ఏదీ చేయదు. ఏళ్ల తరబడి సత్యభామలుగా ఆడిన కూచిపూడి గురువులు ఇంటికొచ్చి భర్తలుగా, తండ్రులుగా, తాతలుగా బతికారు. కానీ ఈ ఊరడింపు దగ్గరే ఆగితే, ‘అలా’ అయితే మాత్రం భయపడాల్సిందేనని ఒప్పుకున్నట్టవుతుంది. నేను ఒప్పుకోను. ఆ పిల్లాడు పదహారేళ్లకు వచ్చి ‘నేను అమ్మాయిని’ అన్నాడే అనుకుందాం. దానికి ఆరేళ్లప్పటి పరికిణీ కారణం కాదు, అప్పుడు వద్దని లాక్కున్నా అది ఆగదు. తన లింగ గుర్తింపును తానే చెప్పుకునే హక్కు మనిషికి ఉందని సుప్రీంకోర్టు 2014లో తీర్పు ఇచ్చింది. కోర్టు ఇచ్చిన ఆ హక్కు ఇంట్లో దొరక్క ఎంతమంది బడి వయసులోనే గడప దాటారో హిజ్రాలతో నాలుగు మాటలు మాట్లాడితే తెలుస్తుంది. వాళ్లలో చాలామంది కథ అక్క లంగా కట్టుకున్నందుకు తిన్న దెబ్బలతోనే మొదలవుతుంది. పిల్లాడు ఎవరైనా కానీ, మనసులో మాట ముందుగా ఇంట్లోనే చెప్పుకోగలగాలి. ఇంట్లో చెప్పొచ్చో లేదో వాడికి తెలిసేది ఇలాంటి చిన్న కోరికల దగ్గరే.

తోటి పిల్లల ఎగతాళి మాత్రం నిజం. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. టీవీ కామెడీ షోల్లో మగవాడు చీర కట్టుకొచ్చాడంటే నవ్వమని అర్థం. ఆ ‘లేడీ గెటప్’లు చూస్తూ పెరిగిన పిల్లలు క్లాసులో ఇంకేం చేస్తారు? స్త్రీవేషం చూసి కంటతడి పెట్టుకున్న ఊళ్లలోనే ఇప్పుడు అది వెకిలి నవ్వుకు సరుకైంది. ఈ ఎగతాళి భారం ఆరేళ్లవాడి మీద పెట్టకూడదు. దాన్ని మోయాల్సింది పెద్దవాళ్లం.

అందులో మొదటి వంతు గురువుది. తల్లో తండ్రో ముందురోజే టీచరుగారికి ఫోన్ చేసి చెప్పాలి. టీచరుగారు క్లాసు మొదట్లో ఒక్కసారి మామూలు గొంతుతో, ‘ఈ రోజు నుంచి పరికిణీ ఎవరికి ఇష్టమైతే వాళ్లు వేసుకోవచ్చు’ అని చెప్పి తట్టుకర్ర అందుకుంటే చాలు. ఎవరైనా కిసుక్కుమంటే అక్కడే ఆపి, కూచిపూడిలో మొదట ఆడిందెవరో చెప్పాలి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లాణ్ని ముందుకు పిలిచి మెచ్చుకోవడమూ వద్దు, వాడికి కావాల్సింది వరసలో చోటు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ రోజు వీడియో తీసి రీల్స్‌లో పెట్టకండి. మీరు మురిపెంతోనే పెడతారు. కింద వచ్చే కామెంట్లు మాత్రం పదేళ్ల తర్వాత కూడా వాడి పేరుతోనే ఉంటాయి. నెల తిరక్కముందే ‘పైజామానే బాగుంది’ అంటే దాని గురించి ఆరా తీయకండి, ‘హమ్మయ్య’ అని పైకి అసలే అనకండి.

వార్షికోత్సవానికి ఎవరికి ఏ వేషమన్నది గురువు నిర్ణయం, అది పాత్రను బట్టి ఉంటుంది. రోజూ చేసే సాధనకు ఆ నియమం లేదు. కుట్టించేటప్పుడు పరికిణీ చీలమండకు నాలుగు వేళ్లు పైకే ఉండేలా చూడండి. గజ్జెలకు తగులుకోకూడదు, అడుగు తప్పిందో లేదో టీచరుగారికి కనిపించాలి.