ఉద్యోగము ఎక్కడ పుడుతుంది?



1998 నవంబరులో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమును అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించారు. పది అంతస్తుల ఆ భవనము చుట్టూ తరువాత ఒక పట్టణమే లేచింది. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారము ఆ రాష్ట్రములో ఐటీ ఉద్యోగులు 2013-14లో సుమారు 3 లక్షల 23 వేల మంది. 2022-23 నాటికి 9 లక్షల 5 వేల మంది. వారి వలన కారు నడిపేవారికి, క్యాంటీనులో వండేవారికి, కాపలా కాసేవారికి, హాస్టలు నడిపేవారికి కూడ బ్రతుకుతెరువు దొరికింది. ఇది సంతోషించదగిన సంగతి.

అయితే ఈ ఉద్యోగము ఎలా పుడుతుందో తల్లిదండ్రులు తెలిసికొనుట మంచిది. అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న ఒక బ్యాంకు తన కంప్యూటరు పనిని ఇక్కడి కంపెనీకి అప్పగిస్తుంది. పని వస్తే మనుషులు కావాలి. అక్కడ పని తగ్గితే ఇక్కడ కొత్తవారిని తీసికొనుట ఆగిపోతుంది. పైగా వ్యాపారము పెరిగినంతగా ఉద్యోగములు పెరగవు. పైన చెప్పిన తొమ్మిదేండ్లలో తెలంగాణ ఐటీ ఎగుమతుల విలువ రూపాయలలో నాలుగు రెట్లు దాటింది. ఉద్యోగులు మూడు రెట్లు కూడ కాలేదు. దేశములోని ఐటీ కంపెనీలలో అతి పెద్దదైన టి.సి.ఎస్. సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని 2025లో ప్రకటించింది.

కాబట్టి మీకు మా మనవి ఒకటి. "డబ్బు కట్టండి, కంపెనీలో పెట్టిస్తాము" అని ఏజెంటు ఇంటికి వస్తే, ఉన్న ఎకరము అమ్మి అతని చేతిలో పోయకండి. పని ఉన్న కంపెనీ మనిషికి జీతమిస్తుంది గాని మనిషి దగ్గర డబ్బు పుచ్చుకోదు. డబ్బు అడిగిన చోట పని లేదని గ్రహించండి.

మీ సంఘములో ఆ ఉద్యోగములు చేస్తున్న యౌవనస్థులు పండుగకు ఇంటికి వస్తారు గదా! ఏ కోర్సు అక్కరకు వస్తుందో, చేతికి వచ్చిన ఆఫర్ లెటర్ నిజమైనదో కాదో వారికి చూపించి అడగండి. సిగ్గుపడవద్దు. మీ అమ్మాయినైనా అబ్బాయినైనా డిగ్రీ శ్రద్ధగా చదవమనండి, ప్రోగ్రాము తన చేతితో వ్రాయుట నేర్చుకొమ్మనండి, ఇంగ్లీషులో బెదరక మాట్లాడుట అలవాటు చేసికొమ్మనండి. ఉద్యోగము ఒక ఏడాది ఆలస్యమైతే కావచ్చు. పొలము నిలిచి ఉంటే ఆ ఏడాది ఇల్లు గడుస్తుంది.