బోయాల ఓడను మరవరాదు

కాకినాడ లంగరు రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావన్న సంగతి జిల్లావాసులకు కొత్త కాదు. 1990ల చివర లోతు నీటి రేవు వచ్చినా పాత పద్ధతి పోలేదు. ఓడలు దూరాన లంగరు వేస్తే, బియ్యం బస్తాలతో బార్జీలు కాలువ దాటి వాటి దగ్గరకు పోతాయి. చీకటి పడితే సరంగుకు దారి చెప్పేవి బోయాలే. సముద్రం నుంచి రేవుకు వస్తుంటే ఎరుపు ఎడమచేతి వైపు, ఆకుపచ్చ కుడిచేతి వైపు ఉండాలి. (అమెరికా రేవుల్లో ఇది తారుమారు. ఆ గొడవ అక్కడివారిది.)

నీటిమీద తేలేదానికి ఖర్చేమిటని అడిగేవారున్నారు. బోయా అడుగున కాంక్రీటు దిమ్మకు గొలుసుతో కట్టి ఉంటుంది. ఆటుపోట్లకు ఆ గొలుసు నేలను రాసుకుని రోజూ అరుగుతుంది. ఒక్క లంకె తెగితే బోయా కొట్టుకుపోతుంది. పోయినదాని కంటె, దిమ్మతో సహా జరిగి వేరేచోట నిలిచిన బోయాతోనే ఎక్కువ ముప్పు. లేనిదాన్ని ఎవరూ నమ్మరు. తప్పుచోట ఉన్నదాన్ని నమ్మి మేట ఎక్కేస్తారు.

అందుకే క్రేను, వెడల్పయిన డెక్కు గల ప్రత్యేకమైన ఓడ కావాలి. కళాసీలు బోయాను పైకి లాగి, పట్టిన గుల్లలు, నాచు గీకి, లంకెల మందం కొలిచి, రంగు వేసి, దీపం, బ్యాటరీ సరిచూసి మళ్లీ సరిగ్గా అదేచోట దించాలి. ఊగే డెక్కు మీద టన్నుల బరువు వేలాడుతుండగా చేసే పని అది. ఎరువుపడవ తీసుకుపోయి కానిచ్చేది కాదు.

పైగా గోదావరి మట్టి తెచ్చి పోస్తూనే ఉంది. హోప్ ఐలాండ్ ఏర్పడిందే ఆ మేటతో. దారి మారినప్పుడల్లా బోయా మార్చాలి. 2008లో జాతీయ జలమార్గంగా ప్రకటించిన గోదావరి, కృష్ణా, వాటి కాలువల్లో పడవలు తిరగాలన్నా ఇదే అవసరం. పూడికతీతకు ప్రారంభోత్సవాలున్నాయి, బోయా గొలుసుకు కొబ్బరికాయ కొట్టేవారు లేరు. ఈ ఓడలకు బడ్జెటులో వేరే పద్దు ఉండాలి, వాటిని ఇతర పనులకు పంపరాదు.

నావలవారూ ఒకటి గమనించాలి. బోయాకు పడవ కట్టడం, దీపం బ్యాటరీ ఊడదీయడం తోటి వేటగాడి కళ్లు పొడవడమే. 2021 నాటి చట్టం ప్రకారం వీటిని చెడగొట్టడం శిక్షార్హం కూడా.

అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. ఆలోగా ప్రతి గొలుసూ ఒకసారి పైకి తీసి చూడాలి.