చెరువు గట్టున యాదృచ్ఛిక సంఖ్యలు

నెల్లూరు తీరంలోని వనామి రొయ్యల చెరువులలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ వేళ విద్యుత్తు పోయి తిరిగి వస్తే, దానితో నడిచే వైర్‌లెస్ సెన్సార్లన్నీ ఒకేసారి పునఃప్రారంభమవుతాయి. ప్రసారాలు ఢీకొనకుండా ప్రతి పరికరమూ ఒక యాదృచ్ఛిక సంఖ్య మేరకు ఆగి సమాచారం పంపాలి. అన్నింటిలో గణన ఒకే బీజసంఖ్యతో మొదలైతే, అన్నీ ఒకే వ్యవధి ఆగుతాయి. ప్రసారాలు మళ్లీ మళ్లీ ఢీకొంటాయి. ఏరేటర్లు వేయాలన్న హెచ్చరిక రైతుకు అందదు.

పరికరపు క్రమసంఖ్యను బీజంలో కలిపితే ఈ చిక్కు తీరుతుంది. ఏరేటర్లను దూరం నుండి నడిపే ఆదేశాల రహస్య సంకేతాలకు మాత్రం అది చాలదు. క్రమసంఖ్యను ఇతరులు ఊహించగలరు. వాటికి చిప్‌లోని విద్యుత్ రొద నుండి పుట్టిన సంఖ్యలే తగినవి.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు సెన్సారు కచ్చితత్వాన్ని మాత్రమే చూసి సిఫారసు చేయరాదు. పది పరికరాలకు ఒకేసారి విద్యుత్తు ఆపి, తిరిగి ఇచ్చి పరీక్షించాలి.