నత్తలూ, ఉప్పూ, ‘ప్రకృతిసిద్ధం’ అనే మాటా

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే, పెరట్లో పది మొక్కలున్న ప్రతి ఇంటా వినవచ్చే ప్రశ్న ఒకటే: ‘ఈ నత్తలను వదిలించుకోవడం ఎలా?’ వెనువెంటనే వినవచ్చే సమాధానమూ ఒకటే: ‘ఉప్పు చల్లండి. ప్రకృతిసిద్ధమైనదే కదా, రసాయనమేమీ కాదు!’ ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, నత్తల దాకా వెళ్ళకముందే ఆ ‘ప్రకృతిసిద్ధం’ అన్న మాట దగ్గర నాకు కాలు ఆగిపోతుంది.

ప్రకృతి వలన సిద్ధించినది ప్రకృతిసిద్ధం. అంతవరకే దాని అర్థం. ఉమ్మెత్త కాయ ప్రకృతిసిద్ధమే, గన్నేరు పప్పూ ప్రకృతిసిద్ధమే. వాటిని నోట పెట్టుకొమ్మని ఎవరూ చెప్పరు. ‘నిరపాయకరం’ అన్న అర్థాన్ని ఆ మాటకు తగిలించినది నిఘంటుకారులు కారు, అంగళ్ళవారు. ఉప్పు సంగతే చూడండి. అది నత్త ఒంటిలోని నీటిని లాగివేసి చంపే మాట నిజమే. కాని మరునాటి వానకు ఆ ఉప్పు కరిగి మట్టిలోకి దిగుతుంది. మట్టి బిగుసుకుపోతుంది. వేరు నీరు తాగలేక మొక్క వాడిపోతుంది. ఎవరిని కాపాడబోయామో వారినే శిక్షించినట్లవుతుంది. పొగాకు కషాయమూ ఆ కోవలోనిదే. అందులోని నికోటిన్ తేనెటీగలకూ విషమే, మనకూ విషమే.

ఇంత చెప్పి దుకాణాలలో దొరికే మెటాల్డిహైడ్ గుళికలను సమర్థిస్తున్నానని అనుకోకండి. ఎరతో కలిపి చేసిన ఆ గుళికలను తిని కుక్కలు చనిపోతాయి. పక్షులకూ అడవి జంతువులకూ చేటని బ్రిటనులో 2022 మార్చి 31 నుంచి వాటిని ఆరుబయట వాడడం నిషేధించారు.

ఇక కోడిగుడ్డు పెంకులు, రాగి పట్టీ, గరుకు ఇసుక వంటి కంచెలున్నాయి. ఈ చిట్కాలలో చాలా భాగం ఆంగ్ల ఉద్యాన గ్రంథాల నుంచి మనకు దిగుమతి అయినవే. వాటిని అక్కడివారే పరీక్షకు పెట్టారు. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారు 108 లెట్యూస్ మొక్కలు తీసుకొని, ఆరు వారాలపాటు ఐదు రకాల కంచెలను పరిశీలించి, ఏ కంచే లేని మొక్కలకూ కంచె ఉన్నవాటికీ నష్టంలో చెప్పుకోదగిన తేడా లేదని 2018లో తేల్చారు. పైగా నత్త తన గుల్ల కోసం సున్నాన్ని వెతుక్కునే జీవి. గోడ సున్నాన్ని సైతం గీరి తింటుంది. దానికి గుడ్డు పెంకు అడ్డుగోడ అవుతుందా, విందు అవుతుందా, మీరే ఆలోచించండి.

శత్రువును ఎదుర్కొనే ముందు దాన్ని గుర్తుపట్టాలి. సంస్కృతం దీన్ని శంబూకం అంది, మనం నత్త అన్నాం. గుల్ల లేని నత్తకు మాత్రం అందరూ ఒప్పుకున్న తెలుగు పేరేదీ నా చెవిన పడలేదు. పెరట్లో కనిపించే చిన్న నత్తలలో చాలావాటికి కుళ్ళిన ఆకులే ఆహారం. వాటితో మనకు తగాదా అక్కరలేదు. అసలు ముప్పు ఆఫ్రికా పెద్ద నత్త. మొన తేలిన పొడవాటి గుల్ల, దాని మీద గోధుమరంగు చారలు దాని గుర్తులు. తూర్పు ఆఫ్రికా దాని పుట్టిల్లు. నత్తల శాస్త్రజ్ఞుడు బెన్సన్ 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన నత్తలు అక్కడి తోటలోకి చేరి, సంతతిని పెంచుకొని, క్రమంగా దేశమంతటా వ్యాపించాయి. ఒక్కొక్కటి ఒక్క విడతకు వందకు పైగా గుడ్లు పెట్టగలదు. వాటిలో ఆడ, మగ భేదం లేదు గనుక ప్రతి నత్తా తల్లి కాగలదు.

దీని మీదికి మరొక జీవిని ఉసిగొల్పడమూ ‘ప్రకృతిసిద్ధం’గానే కనిపిస్తుంది. 1955లో హవాయి దీవులలో ఆ పని చేశారు. పెద్ద నత్తను తినిపించాలని వేరొక వేటాడే నత్తను తెచ్చి వదిలారు. అది పెద్ద నత్తను అదుపు చేయలేదు సరికదా, ఆ దీవులలో తప్ప మరెక్కడా లేని చిన్న నత్తలను తినివేసి, కొన్ని జాతులు అంతరించడానికి ప్రధాన కారణమైంది.

మరి చేయవలసిందేమిటి? నత్తకు కావలసింది తడి, చీకటి, దాగడానికి చోటు. ఈ మూడింటినీ మనమే సమకూర్చి, ఆపైన మందు వెదకడం వింత. నీళ్ళు సాయంకాలం కాక ఉదయం పోయండి. రాత్రి అయ్యేసరికి నేల పైపొర ఆరుతుంది. కుండీల కింద, ఇటుకల సందున, పాత చెక్కల కింద చూస్తూ ఉండండి. దాగే చోటు ఒక్కటి మాత్రం కావాలనే ఉంచండి: తడిపిన గోనెసంచి, దాని కింద కొన్ని బొప్పాయి ఆకులు లేదా క్యాబేజి ఆకులు. తెల్లవారి సంచి ఎత్తితే రాత్రి మేసిన నత్తలు అక్కడే దొరుకుతాయి. చీకటి పడ్డాక టార్చిలైటు పట్టుకొని ఒక చుట్టు తిరగడం రెండవ పని. మెత్తని మట్టిలో సగ్గుబియ్యం గింజల వంటి గుడ్లు కనిపిస్తే తీసివేయడం మూడవది. వానలు మొదలైన తొలి వారాలలో ఒక్క రోజూ మానకుండా చేయాలి. ఏ ఒక్కనాడు చేసినా ఫలితం లేదు.

చేతితొడుగులు లేనిదే నత్తను తాకకండి. ఎలుకల ఊపిరితిత్తులలో పెరిగే ఒక నులిపురుగు పిల్లలు నత్తలలో ఉండవచ్చు. అవి మనిషి దేహంలోకి చేరితే మెదడు పొరలకు వాపు వస్తుంది. పిల్లలను నత్తలతో ఆడనివ్వకండి. పెరటి ఆకుకూరను బాగా కడిగి, ఉడికించి తినండి.

‘ప్రాణహింస కదా మాస్టారూ, ఏరి కాలువ గట్టున వదిలేస్తే పోదా?’ అని ఒక పెద్దావిడ నన్ను అడిగారు. ఆ ప్రశ్న నాకు తేలికైనది కాదు. చిన్న నత్తలనైతే నేనూ ఆకుల కుప్ప మీద వదిలిపెడతాను. పెద్ద నత్తను వదలడం మాత్రం దయ కాదు, మన కష్టాన్ని గట్టు అవతలి రైతు నెత్తిన వేయడం. ఈ దేశంలో దాని కథ మొదలైనదే అలా వదలడంతో. ఏరినవాటిని బకెట్టులోని చిక్కటి ఉప్పునీటిలో వేసి, మొక్కలకు దూరంగా లోతైన గోతిలో పూడ్చాలి. ఉప్పుకు తగిన స్థానం బకెట్టే, పాదు కాదు. ఆ నీటినీ పాదులలో పారబోయరాదు.

తోటకు మేలు చేసేవారు మనకు ముందే ఉన్నారు. జెముడు కాకి నత్తలను పొడుచుకు తింటుంది. బోదురు కప్ప గుల్ల లేని నత్తలను మింగుతుంది. అనేక జాతుల మిణుగురులు పిల్లదశలో నత్తలనే తిని పెరుగుతాయి. మనం చల్లే విషానికి ముందుగా బలి అయ్యేది ఇటువంటి నేస్తాలే.

అందువల్ల నా మనవి ఇది. ‘ప్రకృతిసిద్ధం’ అన్న మాటను పొట్లం మీది అచ్చులో వెదకకండి. దేనిని ఎక్కడ చల్లుతున్నామో, అది ఎవరిదాకా చేరుతుందో తెలుసుకొని చేసే పనికే ఆ పేరు తగును. అటువంటి పని కొంచెం నెమ్మదిగానే సాగుతుంది. నత్తలతో వ్యవహారం కదా, మనమూ ఆ మాత్రం నత్తనడక నడిస్తే తప్పులేదు.