మొక్క నాటేది మనం, అడవి ఎవరిది?



మంజీర ఒడ్డు డోంగ్లికి సముద్రంతోని ఏం పని అని మనోళ్లే అడుగుతున్నరు. పని ఉంది. మన మంజీర కందకుర్తి దగ్గర గోదావరిల కలుస్తది. ఆ గోదావరి సముద్రంల కలిసే కాడ కోరంగి మడ అడవులున్నయి. ఉప్పునీళ్లల్ల వేళ్లు దింపి అలల జోరును విరిచే అడవులవి.

1977 నవంబరు ఉప్పెనల దివిసీమ తుడిచిపెట్టుకపోయింది. పదివేలకు పైగా జనం పోయిన్రు. మేడలున్నోళ్లు మేడలెక్కిన్రు. పల్లంల గుడిసెలున్న కూలోళ్లు, జాలర్లు, యానాదులు ఏడికి ఎక్కాలె? సముద్రానికి కులం లేదు. ఎవరి ఇల్లు ఏ పల్లంల ఉండాల్నో చెప్పేది మాత్రం కులమే.

అంత చూసినంక కూడ రొయ్యల చెరువుల కోసం మడ నేలలు తవ్విన్రు. తీరనియంత్రణ పరిధిల ఉన్న రొయ్యల చెరువులు తీసెయ్యాలని 1996 డిసెంబరుల సుప్రీంకోర్టు చెప్పింది. 2005ల పార్లమెంటు చట్టం చేసి వాటికి మళ్ల దారి తెరిచింది.

చెడగొట్టింది పైసలున్నోళ్లు. బాగుచేసేది ఎవరు? చెట్లు నరికిన నేల ఎండి కుంగుతది. పోటునీళ్లు వచ్చి అక్కడ్నే నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకుంటది. మొక్క బతకదు. అందుకే పెద్ద కాలువ, దానికి రెండు దిక్కుల చేపముల్లు లెక్క పిల్లకాలువలు తవ్వాలె. నీళ్లు వచ్చిపోతుంటే ఉప్పు కడుక్కపోతది. అప్పుడు మడ మొక్క నాటాలె. 1990ల నుంచి కృష్ణా, గోదావరి డెల్టాలల్ల స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊరోళ్లు కలిసి ఇట్లనే అడవిని లేపిన్రు. శాస్త్రం చెప్పినోళ్లకు దండం. బురదల దిగి తవ్వినోళ్లకు ఏం మిగిలింది?

2020ల కాకినాడ దుమ్ములపేట కాడ పేదల ఇండ్లస్థలాల పేరు చెప్పి మడ కొట్టేసిన్రు. పెద్దోళ్ల భూముల జోలికి పోరు, పేదోన్ని తీసుకపోయి ఉప్పెన నోట్ల పెడ్తరు. పైగా ‘అడవి కావాల్నా, ఇల్లు కావాల్నా’ అని మనల్నే నిలదీస్తరు. రెండూ కావాలె!

2023 బడ్జెట్ల కేంద్రం ‘మిష్టి’ పథకం ప్రకటించింది. 540 చదరపు కిలోమీటర్ల మడ పెంచుతమని, ఉపాధిహామీ పైసలు కలుపుతమని చెప్పింది. కూలి సరే, హక్కు ఏది? మన దగ్గర హరితహారం గుంతలు తవ్విన చేతులను అడగండి, చెట్టు మీద హక్కు వచ్చిందా అని. 1927ల మహద్ చెరువు కాడ బాబాసాహెబ్ దోసెడు నీళ్ల దానం అడగలేదు, హక్కు అడిగిండు.

మనం అడిగేది ఇది:

1. 2006 అటవీ హక్కుల చట్టం కింద మడ అడవి కాపాడే హక్కు గ్రామసభకు రాసియ్యాలె.
2. పీతలు, చేపలు పట్టి బతికే యానాదులను, జాలర్లను అడవిల నుంచి వెళ్లగొట్టొద్దు.
3. పేదల ఇండ్లకు మిట్టభూమి ఇయ్యాలె.

బురద మనదైతే అడవి కూడ మనదే. జై భీమ్!